ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

మనస్తత్వశాస్త్రంలో ఇవాళ పట్టాలు అందుకున్న పిల్లలూ, మీకు నా అభినందనలు.

మాది దేవరాపల్లి. శారదా నది మీద మా రైవాడ జలాశయంలో నిలిచిన నీళ్లు విశాఖ నగరం దాహం తీరుస్తాయి. ఆ నీళ్లు వెళ్లిన వైపే, మనసు బాగోలేనప్పుడు మా మనుషులూ వెళ్లేవారు. 1871లో మొదలైన మానసిక వైద్యశాల విశాఖలోనే ఉంది మరి. ఊళ్లో మాత్రం ఆ మాట ఎత్తేవారు కాదు. ‘చోడవరంలో పనుంది’ అని చెప్పి బస్సెక్కేవారు. చిన్నప్పుడు అది అబద్ధం అనుకున్నాను. ఆసుపత్రి సంగతి పొక్కితే ఆడపిల్లకి సంబంధం తప్పిపోతుందని, కౌలుకి పొలం ఇచ్చేవాడు వెనకాడతాడని ఈ కౌన్సెలింగ్ వృత్తిలోకి వచ్చాకే అర్థమైంది. ఆ చిన్న మాట వాళ్ల ఇంటికి కంచె.

ఇప్పుడు బస్సెక్కక్కర్లేదు. ఫోన్‌లోనే మానసిక సాయం అందించేందుకు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఒక రోజు కూలి పోగొట్టుకోలేని మనిషికి ఇది ఎంత మేలో నాకు తెలుసు. అందుకే ఫోన్‌ని తిట్టడానికి రాలేదు నేను. ఆ కంచె సంగతి మాట్లాడాలని వచ్చాను.

కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయితో వారం వారం ఫోన్‌లో మాట్లాడేదాన్ని. నిద్ర పడుతోందా అంటే ‘పడుతోందండి’ అనేది. ఇంట్లో ఎలా ఉంది అంటే ‘బాగుందండి’ అనేది. కుదుటపడుతోందని కేస్ షీట్‌లో రాసుకున్నాను. నాలుగో వారం తనే వచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. ఆ ఫోన్ అత్తగారిది. స్పీకర్ పెట్టి, మాట్లాడినంతసేపూ పక్కనే ఉండేవారట. నా గదిలో అయితే ముందు తలుపు వేసేదాన్ని. ఫోన్‌లో ఆ తలుపు సంగతే మరిచిపోయాను. తప్పు ఫోన్‌ది కాదు, నాది.

అప్పటినుంచి నా మొదటి ప్రశ్న ఒకటే: ‘అమ్మా, ఈ ఫోన్ ఎవరిది? పక్కన ఎవరైనా ఉన్నారా?’ అవుననో కాదనో చెబితే చాలు. మధ్యలో ఎవరైనా వస్తే ‘మందులు అయిపోయాయండి’ అనమంటాను. ఆ మాట వినగానే విషయం మార్చేస్తాను.

ఇంకొకటి. మన వృత్తిలో కొందరు సలహా కోసం కేస్ షీట్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. పేరు కొట్టేశాం కదా అంటారు. మా ఊరి లాంటి చోట వయసు, వీధి, భర్త చేసే పని, ఈ మూడూ చెబితే ఆ మనిషి ఎవరో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23, 24 సెక్షన్లు చదవండి. గోప్యత హక్కు డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ వర్తిస్తుందని అందులో స్పష్టంగా ఉంది. ఫిన్లండ్‌లో వాస్తామో అనే మానసిక చికిత్స సంస్థ నుంచి దొంగిలించిన కౌన్సెలింగ్ రికార్డులు పట్టుకుని, 2020లో ఒక్కొక్క రోగికీ విడివిడిగా బెదిరింపులు పంపారు. ఎవరికీ చెప్పుకోలేక గదిలో చెప్పుకున్న మాటలవి. అక్కడ సర్వర్లోంచి జారాయి, ఇక్కడ మన ఫోన్ గ్యాలరీలోంచి జారవచ్చు.

ఇక సమ్మతి సంగతి. ఇంగ్లీషులో పది పేజీల షరతులు చూపించి, కింద వేలు నొక్కించుకుంటే దాన్ని సమ్మతి అనకండి. ‘నువ్వు చెప్పేది ఇక్కడ రాసుకుంటాను, ఫలానా వాళ్లు చూస్తారు, వద్దంటే మానేస్తాను’ అని ఎదుటి మనిషి భాషలో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. వద్దంటే నిజంగానే మానేయండి.

ఇందాక చెప్పిన అమ్మాయిని, ఈ సభలో తన సంగతి చెప్పవచ్చా అని ముందే అడిగాను. ఏమేం చెబుతానో చదివి వినిపించాను. ఒక వాక్యం వద్దంది. తీసేశాను.