వలసవచ్చిన కవి, విశాఖ రంగస్థలము



విశాఖపట్టణమున స్థిరపడిన వారిలో పెక్కుమంది మనవలెనే యెచ్చటినుండియో వచ్చినవారు. 1933లో రేవు తెరువబడిన పిమ్మట కొందఱు, ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగిన పిమ్మట మఱికొందఱు వచ్చిరి. వచ్చినవారు తీసికొనుటయే గాని యూరికిచ్చిన దేమని యడుగువారు గలరు. వారికి బదులుగా అబ్బూరి రామకృష్ణారావుగారిని స్మరింతుము.

వీరు 1896లో తెనాలి ప్రాంతపు అనంతవరమున జన్మించిరి. మల్లికాంబ, ఊహాగానము మున్నగు కృతులతో భావకవులలో ముందు వరుసకు చేరిరి. కవిత్వము కూడు పెట్టదు గదా! 1926లో బెజవాడలో వెలసి, తరువాత వాల్తేరునకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందలి గ్రంథాలయోద్యోగమే వీరి నీ యూరికి కట్టివేసినది.

ఆ కాలపు నాటకశాలలందు వీథి తెర, అడవి తెర, రాజమందిరపు తెర యున్న జాలు, ఏ కథయైనను నడచిపోవుచుండెను. "వన్సుమోర్" అను కేక వినబడిన, చచ్చిపడిన పాత్ర సైతము లేచి పద్యము నందుకొనుచుండెను! రామకృష్ణారావుగారు "నటాలి" సంస్థను నెలకొల్పి నాటక ప్రయోగమునకు పూనుకొనిరి. కవియే ప్రయోక్త యగుట మేలని మా యభిప్రాయము. పాత్ర నిలుచు చోటును, దీపము పడు దిక్కును, పీట వేయవలసిన తావును పద్యమున పదము నేరుకొన్నట్లే యేరుకొనవలసియుండును.

వారు 1979లో దివంగతులైరి. కావ్యములు గ్రంథాలయములలో నిలిచినవి. రంగమన్ననో, తెల్లవారగనే విప్పబడునది.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలయును. గడచిన వార్షికోత్సవమున మన పిల్లలు నాటకమాడిరి. ఉక్కునగరమునుండి వచ్చిన యొక యువకుడు, పగలు కొలువు చేసి రాత్రులు మేలుకొని, పాత చెక్కపెట్టెలతో రేవుగట్టును రంగముపై నిలిపెను. ఓడ లేకయే ఓడ యున్నట్లు తోచినది. చందాదారుల నామములు కరపత్రమున రెండు పుటలు నిండినవి. అతని పేరు వేయ మఱచితిమి. అతడేమియు ననలేదు. ఈ యేడు కబురంపితిమి; రాలేదు.

కావున మాదొక మనవి. మీ యిండ్ల పెట్టెలలో పాత నాటకముల కరపత్రములు, ఛాయాచిత్రములు ఉన్నయెడల కార్యదర్శిగారి కందజేయుడు. తెర వ్రాసిన వారెవరో, దీపములు చూచిన వారెవరో యెఱిగిన పెద్దలు ఆ పేళ్లను వెనుక వ్రాసి మఱీ పంపుడు.