భుజాన మోసేదా, బల్ల మీద ఉంచేదా?

ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు ముందు అడిగేది ప్రాసెసర్ గురించే. నేనైతే మొదట ఇంకోటి అడుగుతాను: అమ్మాయి దాన్ని రోజూ భుజాన వేసుకుని బస్సెక్కాలా, లేక హాస్టల్ గదిలో బల్ల మీదే ఉంచుతుందా?

13, 14 అంగుళాల తేలికరకం సాధారణంగా కిలోంబావు నుంచి కిలోన్నర తూగుతుంది. 65 వాట్ల చిన్న ఛార్జరు చాలు.

డెస్క్‌టాప్‌కు బదులుగా వాడే 16, 18 అంగుళాల యంత్రాల సంగతి వేరు. బరువు రెండున్నర, మూడు కిలోలు, ఛార్జరేమో ఇటుకంత. గ్రాఫిక్స్ చిప్, ప్రాసెసర్ కలిసి 150, 200 వాట్లు లాగగలవు. బ్యాటరీని మాత్రం, విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగల 100 వాట్-అవర్ల హద్దు దాటకుండా చేస్తారు. 200 వాట్లు లాగితే అది అరగంటకే ఖాళీ! అందుకే ప్లగ్గు తీయగానే ఆ యంత్రాలు వేగం బాగా తగ్గించుకుంటాయి. కరెంటు తరచూ పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

త్రీడీ డిజైన్, భారీ వీడియో ఎడిటింగ్ చేసేవారికి పెద్దదే కావాలి, సందేహం లేదు. ప్రోగ్రామింగ్, ప్రాజెక్టు రిపోర్టులకైతే తేలికది తీసుకుని, ఇంట్లో ఒక మానిటర్ తగిలించుకోమంటాను. అయితే చాలా తేలికరకాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. కొనేటప్పుడే 16 జీబీ తీసుకోండి.