పక్కన ఇద్దరు నిలబడితే మూడోవాడు కాదనగలడు

(మండల రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం మాట్లాడుకోవాల్సిన అంశం అధికారానికి లొంగడం, ఎదురుచెప్పడం. వినడానికి పెద్ద విషయంలా ఉంది గానీ ఇది మనకు అనుభవంలో ఉన్నదే.

గత సీజనులో ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర జరిగింది గుర్తు చేసుకుందాం. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. మన ధాన్యం ఆ లోపే ఉంది. మీటరు పెట్టి చూపించారు కూడా. అయినా మిల్లు వాళ్లు ఒప్పుకోరంటూ బస్తాకు ఇంత అని తరుగు రాసేశారు. మనం ఏం చేశాం? చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేశాం. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని అర్ధరాత్రి దాకా తిట్టుకున్నాం. అక్కడ మాత్రం ఒక్కరమూ నోరు విప్పలేదు. ఈ మాటలు చెబుతున్న మేమూ ఆ వరుసలో ఉన్నవాళ్లమే. కాబట్టి ఇది ఎవరినో తప్పుపట్టడానికి చెబుతున్నది కాదు.

ఎందుకు లొంగాం? పిరికితనం వల్లనా? అప్పు తెచ్చి, మబ్బును నమ్ముకుని విత్తనం వేసేవాడిని పిరికివాడు అనలేం. కారణం ఇంకెక్కడో ఉంది. దాన్ని తెలుసుకోవడానికి పనికొచ్చే ఒక ప్రయోగం గురించి చెబుతాం.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రయోగం మొదలుపెట్టాడు. హిట్లర్ జర్మనీలో లక్షల మంది యూదులను చంపే పనిలో మామూలు ఉద్యోగులు ఎలా చెయ్యి కలిపారన్నది ఆయనను తొలిచిన ప్రశ్న. ప్రకటన చూసి వచ్చిన సామాన్యులను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. దానికి 15 వోల్టుల నుంచి 450 వోల్టుల దాకా 30 స్విచ్చులు. పక్క గదిలో మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా ఒక్కో మెట్టు పెంచి షాకు ఇవ్వాలి. నిజానికి కరెంటు లేదు, ఆ మనిషి నటిస్తున్నాడు. నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. లోపలి మనిషి గోడ బాదుతుంటే వీళ్లకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఆపేద్దామని అడిగినవాళ్లూ ఉన్నారు. కోటు వేసుకున్న అధికారి మాత్రం కొనసాగించాల్సిందేనన్నాడు. అంతకుమించి కొట్టిందీ లేదు, బెదిరించిందీ లేదు. అయినా 40 మందిలో 26 మంది ఆఖరి స్విచ్చు దాకా వెళ్లారు. మనుషులను మోసపుచ్చి చేసిన ప్రయోగమని దీనిమీద విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా అందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది.

ఆయన పరిస్థితులు మార్చి మార్చి చూశాడు. అధికారి గదిలో లేకుండా ఫోనులో ఆదేశాలిస్తే వినేవాళ్లు బాగా తగ్గిపోయారు. కొందరు షాకు పెంచుతున్నామని ఫోనులో చెబుతూ చిన్న స్విచ్చే నొక్కారు. స్విచ్చు వేరేవాడు నొక్కుతూ, తాను పక్కన చిన్న పనేదో చేస్తే చాలన్నప్పుడు 40 మందిలో 37 మంది చివరిదాకా ఉన్నారు. నొక్కింది నేను కాదు కదా అనే ధీమా అది. పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో "మేం చెయ్యం" అని లేచిపోతే, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. ఇరవై ఆరు ఎక్కడ, నాలుగు ఎక్కడ! వచ్చింది అలాంటి మామూలు మనుషులే. తేడా పక్కన ఉన్న ఆ ఇద్దరే.

ఇప్పుడు మన కొనుగోలు కేంద్రానికి వద్దాం. కాటా వేసేవాడు "పైనుంచి చెప్పారు" అంటాడు. రాసేవాడు "మిల్లు వాళ్ల ఇష్టం" అంటాడు. మిల్లు వాళ్లు ఇంకొకరిని చూపిస్తారు. అన్యాయం కళ్లముందు జరుగుతూనే ఉంటుంది, చేసినవాడు మాత్రం దొరకడు. మన సంతకం కూడా ఆ గొలుసులో ఒక లింకే. మనమూ ఒంటరిగానే వరుసలో నిలబడ్డాం. ముందున్నవాడు పెట్టాడని వెనకవాడు పెట్టాడు.

ఈ గొలుసు తెగిన సందర్భం మన గడ్డమీదే ఉంది. 1922 మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంత రైతులు తెల్లదొరల ప్రభుత్వానికి శిస్తు కట్టమన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. శాంతిసేన పేరుతో వాలంటీర్లు ఊరూరా తిరిగారు. అక్కడ ముఖ్యంగా గమనించాల్సింది గ్రామాధికారుల రాజీనామాలు. శిస్తు వసూలుకు లండను నుంచి దొర రాడు కదా. లెక్క రాసేది మన కరణం, వసూలు చేసేది మన మునసబు, ఇంటింటికీ కబురు చెప్పేది మన తలారి. ఆ చేతులు పక్కకు తప్పుకోగానే ఆదేశం కాగితం మీదే ఉండిపోయింది. సర్కారు రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేకంగా పంపింది, జప్తులు చేసింది, సైన్యాన్ని తిప్పింది. ఫిబ్రవరిలో కాంగ్రెస్ నాయకత్వం నిర్ణయంతో ఉద్యమం ఆగింది, శిస్తు కట్టక తప్పలేదు. కానీ మనవాళ్ల చేతులు లేకుండా అంత పెద్ద సామ్రాజ్యానికీ శిస్తు రాలదని ఆ కొద్ది వారాల్లో అందరికీ తెలిసిపోయింది.

అయితే ఎదురుచెప్పిన ప్రతి పనీ ధర్మం అయిపోదు. అదే ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషనుకు నిప్పుపెట్టి పోలీసులను చంపారు. గాంధీ శాసనోల్లంఘన కార్యక్రమాన్నే ఆపేశారు. కోపం వేరు, కాదనడం వేరు. కాదనేవాడు పగటిపూట, పేరు చెప్పి, కారణం చెప్పి కాదంటాడు. దానికి వచ్చే కష్టాన్ని తానే భరిస్తాడు. రాత్రిపూట కాలువ గండి కొట్టి నీళ్లు మళ్లించుకున్నవాడూ నిబంధన మీరినవాడే. కానీ వాడు మీరింది పై అధికారం మీద కాదు, చివరి భూముల రైతు కడుపు మీద. వంతుల వారీ నీళ్లు మనం కూర్చుని ఒప్పుకున్న కట్టుబాటు. దాన్ని పాటించడం లొంగుబాటు కాదు. ఆదేశం ఎవరి మేలు కోసం, కారణం అడిగితే చెబుతారా, అందరికీ ఒకేలా వర్తిస్తుందా అని చూసుకుని తేల్చుకోవాలి.

ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. మనమూ కొన్నిచోట్ల ఆ కోటు వేసుకున్నవాళ్లమే. మిట్టమధ్యాహ్నం ఎండలో, మూతికి గుడ్డయినా లేకుండా, పురుగుమందు కొట్టమని కూలీకి చెప్పింది ఎవరు? తల తిరుగుతోందంటే "ఇంకో రెండు ట్యాంకులే కదా" అన్నది ఎవరు? అతను మాట్లాడకుండా కొట్టాడంటే ఒప్పుకున్నట్టు కాదు, రేపటి కూలి పోతుందని భయం. కౌలు కాగితం ఇవ్వకుండా కౌలుదారు చేత పంట వేయించినవాళ్లూ మనలో ఉన్నారు. కిందివాడు మనల్ని కాదనగలిగే చోటు ఇవ్వకుండా, పైవాణ్ని మనం కాదంటామంటే ఆ మాటకు బలం ఉండదు. సంఘంలో కూడా ఇదే సూత్రం. నాయకులం చెప్పాం కాబట్టి తలాడించడం వద్దు. తప్పనిపిస్తే ఈ సభలోనే లేచి చెప్పండి.

ఇక చెయ్యాల్సిన పని. వచ్చే సీజనులో కొనుగోలు కేంద్రానికి ఎవరూ ఒంటరిగా వెళ్లవద్దు. ముగ్గురేసి వెళ్దాం. ఒకరి ధాన్యం కాటా అవుతుంటే మిగతా ఇద్దరూ పక్కనే నిలబడాలి. తేమ ఎంత వచ్చిందో పుస్తకంలో రాసుకోవాలి. తరుగు అంటే ఎంత, ఎందుకు, ఎవరి ఆదేశమో కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మని మర్యాదగా అడగాలి. రాసివ్వకపోతే మనమూ సంతకం పెట్టం. ట్రాక్టరు ఒకరోజు ఆగుతుంది, కిరాయి మీద పడుతుంది. ఆ కిరాయి ముగ్గురం పంచుకుందాం.

మొదట కాదనడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ మొదటి ఇద్దరూ సంఘం కార్యకర్తలే కావాలని అడుగుతున్నాం. ఏ ఊరికి ఎవరో ఈ తరగతి ముగిసేలోపే పేర్లు రాసుకుందాం. మా పేర్లు ముందు రాయండి.