మనసులో బరువు కూడా సంఘంలో చెప్పుకుందాం

(దొనకొండ మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు విన్నాం. ఏ పుస్తకంలోకీ ఎక్కని లెక్క ఇంకొకటి ఉంది. మన మనసు మీద రోజూ పడే ఒత్తిడి. దాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన దినం ఎట్లా గడుస్తుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెల్లారకముందే లేస్తాం. బిందెలు తీసుకుని నీళ్ల కోసం నిలబడతాం. పిల్లల్ని బడికి పంపి, గేదెకు మేత వేసి, ఎండ ముదరకముందే ఉపాధి పనికో కూలికో పోతాం. మాపటేల ఇంటికొస్తే మళ్లీ పొయ్యి కాడికే. మన పడమటి పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన పెద్దోళ్లున్న ఇళ్లు ఎన్నో. వాళ్లను లేపి కూర్చోబెట్టేదీ మనమే. వానలు మొహం చాటేసిన ఏడు మిరపకోతలకు గుంటూరు వైపు పోవాలా, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలా అన్న దిగులు వేరే. పడుకున్నాక ఒళ్లు ఆగుతుంది గానీ తల ఆగదు. కంతు తేదీ, హాస్టలు ఫీజు, ఆసుపత్రి ఖర్చు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి.

ఇట్లా రోజుల తరబడి సాగితే ఒళ్లే చెబుతుంది. తలనొప్పి, మెడ పట్టేయడం, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే పిల్లల మీద అరవడం. చాలామంది దీన్ని టీ తాగి, నొప్పి బిళ్ల వేసుకుని నెట్టుకొస్తారు. బిళ్లతో నొప్పి తగ్గుతుందేమో గానీ దిగులు తగ్గదు.

అన్నిటికన్నా ఎక్కువ నలిపేది, చెప్పుకోలేక దాచుకున్న దిగులు. కంతుకు డబ్బు చేతిలో లేనామె ఏం చేస్తుంది? నలుగురిలో తలెత్తుకోలేనని మీటింగు ఎగ్గొడుతుంది. ఎవరికీ తెలియకుండా వారం వడ్డీకి తెచ్చి కంతు కడుతుంది. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. పుస్తకంలో చూస్తే వసూలు నూటికి నూరు. ఇంట్లో చూస్తే ఆమెకు కంటి మీద కునుకు లేదు. 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక మన రాష్ట్రంలో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు విన్నాం. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం వాటి మీద ఆర్డినెన్సు తెచ్చింది. చట్టం వచ్చినా, దాచుకున్న దిగులు చట్టానికి కనబడదు. పక్కన కూర్చున్న మనకే కనబడాలి.

అందుకని ప్రతి సంఘానికీ మా మనవి ఇది. మీటింగులో పుస్తకం తెరవకముందు పది నిమిషాలు మాటలకు ఇవ్వండి. "ఈసారి ఎవరికైనా ఇబ్బంది ఉందా?" అని లీడరు అడగాలి. డబ్బు లేకపోయినా సభ్యురాలు మీటింగుకు రావాలి, ఇబ్బంది ఉంటే తేదీ దాటకముందే చెప్పాలి. మన పొదుపులోంచి సర్దగలమా, అంతర్గత అప్పు గడువు పెంచగలమా అని అందరూ మాట్లాడుకుని తీర్మానం రాయండి. బ్యాంకు అప్పయితే గ్రామ సంఘం ద్వారా బ్యాంకుతో మాట్లాడదాం. అంతేగానీ గుంపుగా ఇంటి ముందుకు పోయి కేకలు వేయడం వద్దు. అక్కడ విన్న కష్టం వీధిలో మాట కాకూడదు. కష్టం చెప్పుకున్నామె పరువు మన సంఘం పరువే.

ఇంటి పని కూడా పంచుకోవాలి. బిందె మోస్తే మగపిల్లాడి చెయ్యి అరిగిపోదు. పూటకు ఇంత తినాలి, అందరూ తిన్నాక మిగిలింది కాదు. గుండె దడగా ఉన్నప్పుడు కూర్చుని ఊపిరి మెల్లగా తీసుకుని, అంతకంటే మెల్లగా వదలండి. పది సార్లు చేస్తే దడ కొంత నెమ్మదిస్తుంది. ఆశా అమ్మాయి వచ్చినప్పుడు బీపీ, షుగరు చూపించుకోండి.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకుండా, ఏడుపు ఆగకుండా ఉంటే అది గాలి సోకడం కాదు, పిరికితనమూ కాదు. జ్వరం లాంటిదే, వైద్యం ఉంది. పీహెచ్‌సీ డాక్టరుకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదని ఎవరైనా అంటే ఊరికే అంటుందిలే అనుకోకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా, ఆ నంబరుకు మనమే కలిపి ఇవ్వాలి. ఇంట్లో కొట్టడం, హింసించడం ఉంటే 181కి ఫోను చేయాలి.

చెప్పుకుంటే ఏమొస్తుంది అనుకునేవాళ్లకు ఒక మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు తమ ఇళ్లలో సారా తెచ్చిన గోడు ఒకచోట చెప్పుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చారు. ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకున్నన్నాళ్లు అది ఇంటి గొడవ. కలిసి చెప్పుకున్నాక అది ఉద్యమం. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

రూపాయి రూపాయి కలిపి పొదుపు చేయడం మనకు వచ్చు. కష్టాన్ని కూడా అట్లాగే పంచుకుందాం. వచ్చే మీటింగు నుంచే ఆ పది నిమిషాలు మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.