స్వత్వము – స్వశరీరము

(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగము)



స్త్రీ దాస్యమునకు మూలము సొంత ఆస్తియందే గలదని 1884లో ఎంగెల్సు వ్రాసెను. సామ్యవాదులు నేటికిని ఆ మాటనే ప్రమాణముగ గొందురు. తన గర్భముపై తన కధికారము లేని స్త్రీకి ఆస్తి యుండియు ఫలము లేదని స్త్రీవాదు లందురు. ఈ రెండు వాదములును ఒకదాని నొకటి పూరించునవే గాని త్రోసివేయునవి కావని మా యభిప్రాయము.

సోవియట్ రష్యాను జూడుడు. 1920లో గర్భస్రావమును అనుమతించిన ప్రభుత్వమే 1936లో దానిని నిషేధించెను; 1955లో మరల అనుమతించెను. భూస్వామ్యము నశించినను స్త్రీ శరీరముపై పరాధికారము నశింపలేదు.

ఇక మన చట్టములు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము సమష్టి కుటుంబపు ఆస్తిలో జన్మహక్కును కుమారులకే విడిచెను. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనము దానిని కుమార్తెలకును ఒసగెను. కాని అప్పటికే వివాహమైన వారిని వెలుపల నిలిపెను. 2005లో గాని ఆ భేదము తొలగలేదు. 1971 నాటి గర్భస్రావ చట్టమో, గర్భనిరోధసాధనము విఫలమైనపుడు వివాహితకు మాత్రమే వెసులుబాటు చూపెను. 2021 నాటి సవరణ, 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు అవివాహితకును ఆ ద్వారము తెరచినవి.

ఒకచోట పెండ్లియైనందున హక్కు పోయెను. వేరొకచోట పెండ్లి కానందున పోయెను. రెండింటను స్త్రీని మనిషిగ జూచినవారు లేరు.

ఈ గోడలు చట్టమున కూలినవి. మన యిండ్లలో కూలలేదు. పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా యని ఆడపడుచుచే హక్కువిడుదల పత్రముపై సంతకము చేయించుచున్నాము. కాన్పులెన్నియో అత్తవారు నిర్ణయించుచున్నారు. తోబుట్టువు భాగమును ఆమెకు, ఆమె శరీరమును ఆమెకు విడుచుట దానము గాదు, ఋణము దీర్చుట.