నీళ్ల మీద గీత గీసిందెవరు?
(సూళ్లూరుపేట కూటంలో మాట్లాడిన మాటలు)



సైప్రస్ అని ఒక దీవి వుంది. గ్రీకోళ్లు, టర్కీవోళ్లు చాలా వూళ్లలో పక్కపక్కనే బతికారు. 1974లో గ్రీసు సైనిక పాలకులు అక్కడ కుట్ర చేయించారు, వెంటనే టర్కీ సైన్యం దిగింది. దీవి రెండు ముక్కలు. గ్రీకోళ్లు దక్షిణానికి, టర్కీవోళ్లు ఉత్తరానికి ఇళ్లొదిలి పోయారు. ఐక్యరాజ్యసమితి సైనికులు ఈనాటికీ నడుమ కాపలా వున్నారు.

అంత దూరం సంగతి మనకెందుకంటారా? మన ప్రళయకావేరిని చూడండి. ఈ పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రాది, తక్కింది తమిళనాడుది. 1953 దాకా అంతా మద్రాసు రాష్ట్రమే. 1960లో సరిహద్దు పంచాయితీ తేల్చామన్నారు. నేల మీదయితే రాయి పాతొచ్చు, నీళ్లలో ఎక్కడ పాతతారు? అందుకే పడవలు పట్టుకోడాలు, వలలు లాక్కోడాలు. తన్నుకునేది రెండు పక్కలా పేదోళ్లే.

ఇంకో మాట, కొందరికి చేదుగా వుంటుంది. 'మా నీళ్లు' అని అరిచేవోళ్లు ఆ నీళ్లలో మనకెంత వంతు పెట్టారు? దక్షిణాన 'పాడు' కట్టుబాటుంది. చేప బాగా పడే చోట వల వేసే వంతు తరతరాలుగా పట్టణవర్ కులపోళ్లది. దళితులు, చేత్తో తడిమి రొయ్యలు పట్టే ఇరులర్లు ఆ పట్టీలో లేరు. ఈవల, రాకెట్ కేంద్రానికి 1969లో శ్రీహరికోటను ఎంచుకుంటే అడవిలోని యానాదులు కదలాల్సొచ్చింది.

ఈసారి పడవ పట్టుకున్నారని కబురొస్తే మనం కర్ర తీసుకుని పోవద్దు. ముందు ఆవలి దళితవాడ వోళ్లతో కూర్చుందాం. వంతుల్లో మన పేరు రాయమని రెండు ప్రభుత్వాలకీ అర్జీ పెడదాం, తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి. తమిళం రాసేవోళ్లు ఇక్కడే నలుగురున్నారు, చెయ్యెత్తండి.