కెనడాలో ఒక ప్రవాసి ముఖ్యమంత్రి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే కెనడా రాజకీయాలు ఎందుకయ్యా అని కార్యదర్శిగారు మమ్ములను ముందే అడిగినారు. మేము మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తాగిరి చేసుకుంటున్నవారము. కెనడా చూచినవారము కాము. చదివి తెలిసికొన్నదే చెప్పగలము. అయితే ఈ ఖుర్దారోడ్డులో తరతరాలుగా కాపురముంటున్న మనకు ఒక ప్రశ్న తప్పదు. మనము ఇక్కడివారమా, అక్కడివారమా? ఇదే ప్రశ్నను మనకంటె ఎంతో కఠినంగా ఎదుర్కొన్న పంజాబీ ఒకాయన ఉన్నారు. పేరు ఉజ్జల్ దోసాంజ్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి 2000 సంవత్సరంలో ప్రీమియర్ అయినారు. మన లెక్కలో ముఖ్యమంత్రి అన్నమాట. కెనడాలో భారత సంతతివాడు ఒక రాష్ట్రానికి ప్రీమియర్ కావడం అదే మొదలు.

ఆయన కథకు ముందు ఆ రాష్ట్రం కథ కొంత చెప్పుకోవాలి.

బ్రిటిష్ కొలంబియా కెనడాకు పడమటి అంచున, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉన్నది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబు నుండి మనవాళ్లు అక్కడికి వెళ్లి కలప కోత మిల్లులలోనూ, పొలాలలోనూ, రైలు మార్గాల పనులలోనూ చేరినారు. వారూ బ్రిటిషు ప్రజలే, అక్కడి తెల్లవారూ బ్రిటిషు ప్రజలే. అయినా 1907లో ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసి మనవారి ఓటు తీసివేసింది. ఓటు పోతే ఐదేళ్లకొకసారి పోయే నష్టమేగదా అనుకోవద్దు. ఓటర్ల జాబితాలో పేరు లేనివాడు అక్కడ వకీలు కారాదు, మందుల షాపు పెట్టుకొనే ఫార్మసిస్టు కారాదు, జ్యూరీలో కూర్చోరాదు. ఒక్క జాబితాతో ఇన్ని తలుపులు మూసినారు. 1914లో కోమగట మారు అనే ఓడలో 376 మంది వేంకూవర్ రేవుకు వస్తే రెండు నెలలు నీళ్లమీదనే నిలబెట్టి, ఇరవై చిల్లర మందిని మాత్రం దిగనిచ్చి, తక్కినవారిని తిప్పి పంపినారు. ఆ ఓడ తిరిగి వచ్చి ఆగినది మన కలకత్తా దగ్గరి బజ్‌బజ్‌లో. అక్కడ పోలీసు కాల్పులలో సుమారు ఇరవై మంది చచ్చిపోయినారు. పోయిన ఓటు మనవారికి మళ్లీ వచ్చినది 1947లో.

దోసాంజ్ గారు జలంధర్ జిల్లా దోసాంజ్ కలాన్ గ్రామంలో, సరిగా మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజులకు కొంచెం అటూ ఇటూగా పుట్టినారు. తల్లిగారి తండ్రి స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లిన మనిషి. ఆ తాత నీడ మనుమడి మీద కడదాకా ఉన్నదని మా నమ్మకం. 1964లో, ఇంకా ఇరవై నిండకముందే, కుర్రవాడు ఒంటరిగా ఇంగ్లండు వెళ్లినాడు. పిల్లలు బొమ్మలకు వేసుకొనే రంగుల క్రేయాన్లు చేసే పని కొన్నాళ్లు. తరువాత రైల్వేలో షంటింగు. రాత్రిపూట బడి.

షంటింగు అంటే ఏమిటో ఈ కాలనీలో పసిపిల్లలకు కూడా విప్పి చెప్పనక్కరలేదు. చేతిలో జెండా, రాత్రయితే దీపం, నోట్లో ఈల, రెండు బండ్ల నడుమ దూరి కప్లింగు తగిలించడం. ఒక్క అడుగు తప్పితే కాలుండదు. ఆ పనిచేసి అలసిన ఒంటితో బడికి పోయి ఇంగ్లీషు నేర్చుకొన్నాడంటే, ముఖ్యమంత్రి పదవికంటె అదే మాకు పెద్దగా తోచుతుంది. గుమాస్తా బుద్ధి అని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును.

1968లో కెనడాకు చేరి కోతమిల్లులో చెక్కలు లాగినారు. నడుముకు దెబ్బ తగిలింది. మళ్లీ చదువు పట్టినారు. 1976లో లా పట్టా పుచ్చుకొని, మరుసటి ఏడు వకీలు అయినారు. ఓటు లేదు గనుక వకీలు కారాదన్న రాష్ట్రంలోనే సుమా. పొలాలలో కూలికి పోయే మనవారి కోసం, ముఖ్యంగా వలస వచ్చిన ఆడవారి కోసం చాలా పనిచేసినారు. న్యూ డెమోక్రాటిక్ పార్టీ తరఫున 1979లో, 1983లో శాసనసభకు నిలబడి రెండుసార్లూ ఓడిపోయినారు.

ఇక ముఖ్యమైన ఘట్టం. 1980ల నాటికి పంజాబులో రేగిన మంట కెనడాకూ పాకింది. ఖలిస్తాన్ కోసం హింసకైనా వెనుదీయమనేవారు అక్కడ కొద్దిమంది తయారైనారు. వారు కొద్దిమందే. తక్కినవారు పనికి పోయి పిల్లలను పెంచుకొనేవారు, కాని భయపడి నోరు మెదపరు. దోసాంజ్ గారు మెదిపినారు. తానూ సిక్కు కుటుంబంలో పుట్టినవాడే అయి ఉండి, హింస తప్పని బాహాటంగా చెప్పినారు. 1985 ఫిబ్రవరిలో ఆయన ఆఫీసు దగ్గర, కారు నిలిపే చోట, ఒకడు ఇనుప కడ్డీతో తలమీద కొట్టినాడు. తలకు ఎనభై కుట్ల దాకా పడినవి. చెయ్యి విరిగింది.

పరాయివాడు కొడితే మనవాళ్లందరం ఒక్కటవుతాము, ఊరేగింపు తీస్తాము, అర్జీలు పెడతాము. మనవాడే మనవాణ్ణి కొట్టినప్పుడు మాత్రం "ఇంటిగుట్టు వీధిలో ఎందుకు" అంటాము. ఆయనకు ఆ సలహా ఇచ్చినవారు ఉండకుండా ఉంటారా? ఆయన నోరు మూసుకోలేదు. అదే సంవత్సరం జూన్ 23న ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం ఐర్లండు దగ్గర సముద్రంమీద బాంబుతో పేలిపోయి 329 మంది మరణించినారు. చచ్చిపోయినవారిలో ఎక్కువమంది కెనడాలో స్థిరపడిన భారత సంతతివారే.

1991లో వేంకూవర్-కెన్సింగ్టన్ నుండి ఆయన శాసనసభకు గెలిచినారు. 1995లో అటార్నీ జనరల్ అయినారు, అంటే రాష్ట్రంలో న్యాయశాఖ మొత్తం చూచే మంత్రి. ఇంకొక పరీక్ష ఆ పదవిలోనే వచ్చింది. అప్పటి ప్రీమియర్ గ్లెన్ క్లార్క్ తన స్వంత పార్టీ నాయకుడు. ఆయన ఇంటి మరమ్మతులు చేసిన స్నేహితునికి జూదశాల లైసెన్సు విషయంలో మేలు జరిగిందేమోనని పోలీసులు విచారణ మొదలుపెట్టినారు. 1999 ఆగస్టులో, ప్రీమియర్ మీద క్రిమినల్ విచారణ సాగుతున్నదని దోసాంజ్ గారే స్వయంగా లోకానికి ప్రకటించినారు. క్లార్క్ రాజీనామా చేసినారు. 2002లో కోర్టు ఆయనను నిర్దోషి అని వదిలిపెట్టింది. పార్టీలో కొందరికి ఆ ప్రకటన వెన్నుపోటుగా తోచింది. మా దృష్టిలో న్యాయశాఖ కుర్చీలో కూర్చున్నవాడు తన పై అధికారి విషయమని చెప్పి కాగితం సొరుగులో దాచరాదు. కాని ఆ ప్రకటన తరువాత ఖాళీ అయిన పీఠమే ఆయనకు దక్కింది గనుక, అనుమానించేవారి నోళ్లు మూయడం కష్టమే.

2000 ఫిబ్రవరి 24న ప్రమాణ స్వీకారం. పదవి పదిహేను నెలలు. పార్టీకి అప్పటికే చెడ్డపేరు వచ్చి ఉన్నది. 2001 మే నెల ఎన్నికలలో పోలింగుకు ముందే ఆయన మేము గెలవము, కనీసం గట్టి ప్రతిపక్షాన్నయినా ఇవ్వండని ఓటర్లను అడిగినారు. అదీ దొరకలేదు. 79 స్థానాలలో పార్టీకి రెండే మిగిలినవి. ఆయన సీటూ పోయింది.

తరువాత 2004లో లిబరల్ పార్టీలో చేరి వేంకూవర్ సౌత్ నుండి కేంద్ర పార్లమెంటుకు వెళ్లినారు. కేంద్రంలో ఆరోగ్య మంత్రి అయినారు. పార్టీ మారడం మాకు అంతగా రుచించలేదు. మంత్రిగా ఉండగా రాష్ట్రాలతో పదేళ్ల వైద్య ఒప్పందం కుదిరింది, నాలుగువేల నూరు కోట్ల డాలర్లు.

ఇక్కడ మన బరంపురం వి.వి. గిరిగారిని తలచుకోకుండా ఉండలేము. తెలుగువారు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకులు, 1969లో రాష్ట్రపతి అయినారు. ఆ రైల్వేలో ఆయన వెంట 1928 సమ్మెలో నిలిచినవారు తెలుగువారు మాత్రమే కారు. దోసాంజ్ గారికి ఓటు వేసినవారూ పంజాబీలు మాత్రమే అయి ఉంటే ఆయన ఏ ఎన్నికా గెలిచేవారు కారు. మన వార్డులో మనవాడు నిలబడినప్పుడు తెలుగు వీధులలో మాత్రమే తిరిగి ఇంటికి వస్తున్నాడు. ఒడియావారి గడప ఎక్కడానికి మొహమాటమట.

2008 ఎన్నికలలో దోసాంజ్ గారు వేంకూవర్ సౌత్‌లో మళ్లీ గెలిచినారు. తిరిగి లెక్కపెట్టగా ఆధిక్యం ఇరవై ఓట్లు. 2011లో అదే ప్రత్యర్థి చేతిలో ఓడినారు. ఆమె పేరు వై యంగ్, హాంకాంగులో పుట్టి కెనడాకు వచ్చిన చీనా వనిత. 1947 దాకా ఆ రాష్ట్రపు జాబితాలో చీనావారికీ ఓటు లేదు.